నకలు బేసులో అసలు పనితనం

బేస్ గిటారు నాలుగు తీగలనూ శృతికి బిగిస్తే మెడ మీద పడే లాగుడు దాదాపు 80 కిలోలు. ఆ బరువును ఒక చివర నాలుగు ట్యూనర్లు, రెండో చివర ఒక బ్రిడ్జి మోయాలి. మోస్తూ వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అందుకే 1970ల నాటి జపాన్ కాపీ బేస్ ఏది చేతికొచ్చినా చెక్క, రంగు, తల మీది పేరు తర్వాత చూసుకుంటాను. ముందు ఇనుప సామాను చూస్తాను. నకలు తీయడంతో మొదలుపెట్టిన పనివాళ్లు నేర్పు దాకా ఎలా నడిచారో అక్కడే తేటగా కనిపిస్తుంది.

అసలు వస్తువు అమెరికాది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను, 1960లో జాజ్ బేస్‌ను తెచ్చాడు. రిపేరు చేసేవాడి బుద్ధితో ఆలోచించాడు కాబట్టి మెడ, బ్రిడ్జి, ట్యూనర్లు, తీగల కంపనాన్ని పట్టే పికప్‌లు అన్నీ మరలతో బిగించేవే, విప్పి మార్చుకోగలిగేవే. అలా విప్పగలిగే వస్తువును కొలతలు తీసి మళ్లీ చేయడమూ సులువే. జపాన్‌లో నాగానో ప్రాంతపు మాట్సుమోటోలో ఫుజిజెన్, మాట్సుమోకు ఫ్యాక్టరీలు, హమామాట్సులో టోకాయి ఆ పనికి దిగాయి. అమ్మే పేర్లు మాత్రం వేరు. కాండా షోకాయి సంస్థ గ్రెకో పేరుతో, హోషినో సంస్థ ఐబనెజ్ పేరుతో అమ్మేవి. రెండింటికీ ఫుజిజెన్ గిటార్లు చేసిచ్చింది. పికప్‌లు చాలావాటికి మాక్సాన్ నుంచి వచ్చేవి.

మొదట్లో వచ్చిన కాపీలు కంటికి ఇంపుగా ఉంటాయి గానీ చేతికి తేడా తెలిసిపోతుంది. చాలావాటికి ఒళ్లు ప్లైవుడ్. బ్రిడ్జి రేకు పలచన. మరల తలలు మెత్తగా ఉండి, నాలుగుసార్లు తిప్పేసరికి గాడి అరిగి గుండ్రమైపోతుంది. ట్యూనర్ చెవిని పట్టుకుని అటూ ఇటూ కదిపితే, తీగ కదలకముందే చెవి కొంత దూరం ఖాళీగా తిరుగుతుంది. ఆకారం దొరికింది, ఆ ఆకారం ఎందుకలా ఉందో ఇంకా దొరకలేదు. దశాబ్దం చివరికి, మరీ ముఖ్యంగా 1977 తర్వాత వచ్చిన మంచి కాపీల్లో, ఆ ఎందుకు అన్నదానికి జవాబు లోహంలోకి దిగింది.

బ్రిడ్జినే తీసుకోండి. చూడ్డానికి ఒక చివర నిలువుగా వంచిన ఉక్కు రేకు, అంతే. తీగల చివరి గుండ్లు ఆ వంపులోని రంధ్రాల వెనక ఆగుతాయి. రేకు మీద నాలుగు చిన్న ఉక్కు కడ్డీలు, వాటినే శాడిల్స్ అంటారు. ఒక్కో శాడిల్‌కు ఎత్తు సవరించే బుల్లి మరలు రెండు, ముందుకూ వెనక్కూ జరిపే పొడవాటి మర ఒకటి, దాని చుట్టూ స్ప్రింగు. ఫెండర్ 1957లో ఈ నాలుగు శాడిల్స్ పద్ధతికి వచ్చాడు. అంతకుముందు రెండేసి తీగలకు ఒక్క శాడిలే. మంచి కాపీలో శాడిల్ చుట్టూ సన్నని మరచుట్టు గాడులు శుభ్రంగా కోసి ఉంటాయి. తీగ వాటిలో ఏదో ఒక గాడిలో కూర్చుంటుంది కాబట్టి, తీగల మధ్య దూరాన్ని వాయించేవాడి వేళ్లకు తగ్గట్టు సర్దుకోవచ్చు. గాడి అంచు మొరటుగా ఉంటే తీగ చుట్టు అక్కడే నలిగి తెగుతుంది. లోతు చాలకపోతే గట్టిగా మీటగానే పక్క గాడిలోకి ఎగిరిపోతుంది.

అన్నిటికంటే లావైన ఇ తీగ దగ్గర పనివాడి తెలివి బయటపడుతుంది. దాని కంపనం సెకనుకు 41 సార్లు. లావు వల్ల ఆ తీగ బిరుసుగా ఉంటుంది. ఫ్రెట్ (మెట్టు) మీద నొక్కినప్పుడు స్వరం కొద్దిగా హెచ్చుతుంది, ఆ హెచ్చు సరిచేయాలంటే దాని శాడిల్‌ను మిగతావాటి కంటే బాగా వెనక్కి లాగాలి. అన్నిటికీ ఒకే పొడవు స్ప్రింగు వేస్తే ఇక్కడ అది పూర్తిగా నలిగి, శాడిల్‌ను ఇంకా వెనక్కి రానివ్వదు. ఆ కాస్త జాగా వదిలిన బ్రిడ్జి చేసినవాడు దాన్ని శృతి చేసి చూశాడనే నమ్ముతాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అక్కడే వేలు తాకించి పలికించిన స్వరం ఒకటైతే పని కుదిరినట్టు.

ఇక ట్యూనర్లు. మన వీణలో బిరడ చెక్కలో బిగుసుకుని, రాపిడితోనే తీగను పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఆ పని చేసేది మరచుట్టు తీరిన ఇరుసు, దానికి తగులుకున్న పళ్లచక్రం. చెవి తిప్పితే చక్రం తిరుగుతుంది. తీగ ఎంత లాగినా చక్రం మాత్రం ఇరుసును తిప్పలేదు. ఇరుసుకు, పళ్లకు మధ్య సందు ఎంత తక్కువుంటే శృతి అంత నిలకడ. బాగా చేసిన జపాన్ ట్యూనర్ చెవిని తిప్పుతుంటే, నలభై ఏళ్లు దాటాక కూడా నూనె పట్టిన మెత్తదనం వేళ్లకు తెలుస్తుంది, ఎక్కడా గరగర ఉండదు. తీగ చుట్టుకునే స్తంభం నడుమ చీలిక, అడుగున రంధ్రం ఉంటాయి. తీగ కొసను కోసి ఆ రంధ్రంలోకి దించి, చీలికలోంచి వంచి చుట్టాలి. కొస లోపల దాగిపోతుంది, వేలికి గుచ్చుకోదు. చిన్న ఏర్పాటే, కానీ ఎంత మర్యాదైనది! గున్మా ప్రాంతంలోని గోటో కంపెనీ ట్యూనర్లు, బ్రిడ్జీలు నేడు ప్రపంచమంతా వాడుతోందంటే, ఆ పేరు వెనక ఉన్నది ఇలాంటి చిన్న సంగతుల మీద పెట్టిన శ్రద్ధే.

లోపలి కరెంటు సామాను గురించి అంత ఉత్సాహంగా చెప్పలేను. వాల్యూమ్, టోన్ సవరించే పాట్‌లు చాలా కాపీల్లో చిన్నవి, దుమ్ము పడితే బరబరలాడతాయి. వాటిని మార్చినా నాకు బాధ లేదు. తీగల మీద బోర్లించే క్రోమ్ మూతలను మాత్రం పారేయకూడదు. ఫెండర్ బ్రిడ్జి మూత లోపల తీగలను కాస్త అణచడానికి స్పాంజి ముక్క అంటించేవాడు. కొన్ని కాపీల్లో ఆ ముక్క కూడా ఉంటుంది.

ఈ బేసులను అమ్మేవాళ్లు చాలామంది వీటిని కోర్టుకెక్కిన గిటార్లంటారు. అది సరికాదు. 1977లో దావా వేసింది మరో అమెరికన్ గిటార్ కంపెనీ గిబ్సన్ యజమాని నార్లిన్, వేసింది ఐబనెజ్ అమెరికా శాఖ ఎల్గర్ మీద, తగువు గిబ్సన్ తరహా తల ఆకారం గురించి. అది కోర్టు బయటే రాజీ అయింది. ఫెండర్ కాపీలకు అసలు పరీక్ష 1982లో వచ్చింది. ఫెండర్ కంపెనీ కాండా షోకాయి, యమానో గక్కి సంస్థలతో కలిసి ఫెండర్ జపాన్ పెట్టి, తయారీని ఫుజిజెన్‌కే అప్పగించింది. ఆ తొలి ఏళ్లలో జేవీ అక్షరాలతో మొదలయ్యే నంబరున్న బేసుల కోసం ఇప్పటికీ జనం వెతుకుతున్నారు. నకలు తీసినవాళ్ల చేతికే అసలు పేరు ఇచ్చారంటే, ఆ పనితనానికి అంతకంటే పెద్ద యోగ్యతాపత్రం ఉంటుందా?

అలాంటి బేస్ దొరికితే, బరువైన కొత్త బ్రిడ్జి బిగించమని సలహా ఇచ్చేవాళ్లు వెంటనే తయారవుతారు. తొందరపడకండి. శాడిల్స్ విప్పి, మరల మీది తుప్పు మెత్తని బ్రష్‌తో తీసి, ఒక్కో చుక్క నూనె వేయండి. బిగుసుకున్న మరకు నూనె వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు తిప్పేటప్పుడు మిల్లీమీటర్ల కొలత ఉన్న అలెన్ కీనే వాడండి. అమెరికన్ బేస్‌కు వాడే అంగుళాల కీ ఇందులో వదులుగా కూర్చుంటే గాడిని కొరికేస్తుంది, ఆ తర్వాత ఆ మరను బయటికి తీయడం చాలా కష్టం.