తొట్టిలో మర్రి

గుడియాత్తంలో మా మిద్దె మీద ఒక మర్రి ఉంది. పిట్టగోడ పగులులో మొలిస్తే పీకి తొట్టిలో నాటాను. ముప్పై ఏళ్ళయింది, ఎత్తు రెండడుగులు దాటలేదు. చూసినవాళ్ళంతా ఒకటే అడుగుతారు: "ఇది ఎప్పటికి పూర్తవుతుంది?" బోన్సాయ్ పూర్తి కాదండీ. చెట్టుకు వయసొస్తుంది, పెంచే మనిషికీ వస్తుంది. ఇద్దరి అందాలూ మారుతూనే ఉంటాయి.

చైనాలో పుట్టి జపానులో పెరిగిన విద్య ఇది. మూలికల కోసం మన వైద్యులూ తొట్టుల్లో చెట్లు పెంచేవారని పెద్దలు చెప్పుకుంటారు.

మొదటి పదేళ్ళు నేను జపాను పైన్ చెట్ల బొమ్మలకు దాసుణ్ణి. అల్యూమినియం తీగ చుట్టి కొమ్మలు కిందికి వంచాను, తల మొనదేల్చాను. వేలూరు ఎండల తర్వాత నాలుగు వానలు పడితే మర్రి ఎంత జోరుగా ఊరుతుందో అప్పుడు తెలీదు. ఒక ఏడు తీగ విప్పడం ఆలస్యమైంది. బెరడులోకి దిగి మరచుట్టులా మచ్చ పడింది. ఇప్పటికీ వేలికి తగులుతుంది.

మొనదేలిన తల లేత చెట్టుది. ముదిరేకొద్దీ తల గుండ్రమవుతుంది, కొమ్మ తన బరువుకే వాలుతుంది. రోడ్డు పక్క ముసలి చింతను చూస్తే చాలు, ఏ పుస్తకమూ అక్కర్లేదు. నేనే వంచిన కొమ్మల్లో సగం నేనే కోసేశాను. కారిన పాలు తడిగుడ్డతో అద్దుతుంటే చెయ్యి వణికింది. తర్వాత ఊడల వంతు. స్ట్రాను నిలువునా చీల్చి, తడి కొబ్బరిపొట్టు కూరి, గాలిలో వేలాడే ఊడను అందులోంచి మట్టిదాకా దించాను. మట్టి తాకిందో లేదో, దారం లాంటి ఊడ లావెక్కడం మొదలైంది. ఇప్పుడు అవి పిల్లమానులు. మర్రికి మర్రితనం తెచ్చింది ఆ ఊడలే, నా తీగ కాదు.

వయసుతో వచ్చే ఈ మార్పును చేత్తో చేసి చూపిన బోన్సాయ్ నిపుణుడు జాన్ నాకా. 1948లో మొదలుపెట్టిన జూనిపర్లతో ఆపలేదు. పక్కన మరికొన్ని చేర్చాడు, మనవలు పెరిగేకొద్దీ చెట్లూ పెంచాడు. పదకొండుమంది మనవలకు పదకొండు చెట్ల అడవి అది! పేరు గోషిన్. 1984లో అమెరికాకు కానుకగా ఇచ్చాడు. మసాహికో కిమురా మరో మహామాంత్రికుడు. కొండల్లో ఎండి మెలిపడిన ముసలి జూనిపర్‌ను యంత్రాలతో చెక్కి కొత్త రూపం ఇస్తాడు. ఆయనకు దణ్ణం పెడతాను, నా ఓటు మాత్రం చైనా లింగ్నాన్ శైలి వాళ్ళకే. తీగను నమ్ముకోరు. కొమ్మను లావెక్కనిస్తారు, కోస్తారు, కొత్త చిగురును మళ్ళీ లావెక్కనిస్తారు. కత్తెరా ఓపికా, అంతే. మన మర్రికీ జువ్వికీ సరిగ్గా సరిపోయే పద్ధతి.

ఇక నర్సరీల్లో బోన్సాయ్ పేరుతో అమ్ముతున్నవి చూస్తే ఒళ్ళు మండిపోతుంది! వంద చెట్లకూ ఒకటే ఎస్ వంపు. దుంపవేళ్ళ మీద వేరే రకం అంటు. మట్టి కనబడకుండా జిగురుతో అతికించిన గులకరాళ్ళు, నీళ్ళెలా ఇంకుతాయి? కొన్నవాళ్ళు దాన్ని ఏసీ గదిలో పెడతారు, అది ఎండిపోతుంది. "బోన్సాయ్ మనకు అచ్చిరాదు" అనేస్తారు. ముసలితనం చూడాల్సిన చెట్టుకు బాల్యం కూడా దక్కనివ్వని వ్యాపారం ఇది. దయచేసి కొనకండి.

మీ పిట్టగోడలో రావో జువ్వో మొలిస్తే యాసిడ్ పోయకండి. తొలివానలకు మెల్లగా పెకలించి, అడుగున చిల్లులున్న తొట్టిలో నాటండి. వేరు కొంత తెగినా తట్టుకుంటుంది. ఎండ తగలనివ్వండి. మూడేళ్ళదాకా తీగ జోలికి పోకండి.