ఈగ చెవి నేర్పిన యాంటెన్నా విద్య

ఓర్మియా ఓక్రాసియా. నోరు తిరగని పేరే, కానీ యాంటెన్నాల మీద మోజున్నవాళ్లు దండం పెట్టుకోవాల్సిన ఈగ ఇది. ఉండేది అమెరికా దక్షిణాన, మెక్సికో వైపు. చీకట్లో మగ కీచురాయి జోడు కోసం కూస్తుంటే, ఆడ ఈగ ఆ కూతను బట్టి తిన్నగా వచ్చి వాలి, దాని మీద పిల్లపురుగుల్ని వదులుతుంది. ఆ కూత తరంగదైర్ఘ్యం సుమారు 7 సెంటీమీటర్లు. ఈగ చెవుల మధ్య ఎడం అర మిల్లీమీటరు. ఒక చెవిని తాకిన శబ్దం రెండోదాన్ని తాకేలోపు గడిచేది ఒకటిన్నర మైక్రోసెకన్లే. ఇంత చిన్న తేడాతో దిక్కు పోల్చుకోవడం అయ్యే పని కాదనిపిస్తుంది. ఈగ మాత్రం 2 డిగ్రీల వారను కూడా కనిపెడుతుంది!

కిటుకంతా రెండు కర్ణభేరులను కలిపే గట్టి వంతెనలో ఉంది. అది తూగుడు బల్లలా ఊగుతుంది. ఒక పక్క లేస్తే ఒక పక్క దిగుతుంది. అదే సమయంలో మధ్యలో వంగి, రెండు పక్కలూ కలిసి కూడా కదులుతుంది. శబ్దం వచ్చే వైపున ఈ రెండు కదలికలూ కూడుతాయి, అవతలి వైపున ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దాంతో ఒకటిన్నర మైక్రోసెకన్ల తేడా కాస్తా 50 దాకా పెరుగుతుంది. 1995లో మైల్స్, రాబర్ట్, హోయ్ ఈ గుట్టు విప్పారు.

ఆ వంతెనను రేడియో తరంగాలకు తెచ్చినవాళ్ల పనితనం ఎంత పొగిడినా తక్కువే. మామూలుగా రెండు యాంటెన్నాల మధ్య అర తరంగదైర్ఘ్యం ఎడం ఉంచుతారు. 300 మెగాహెర్ట్జ్ దగ్గర అది అర మీటరు. చేతిలో పట్టే పరికరంలో అంత చోటెక్కడిది? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో నాదర్ బెహ్‌దాద్ బృందం యాంటెన్నాలను దగ్గరదగ్గరగా పెట్టి, వాటి మధ్య ఈగ వంతెన చేసే పనినే ఒక సర్క్యూట్‌తో చేయించింది. సెయింట్ లూయిస్‌లో మురాత్ అక్చకాయా, ఆర్యే నెహొరాయ్ అదే బాటలో లెక్కలు కట్టారు. రెండు సిగ్నళ్ల ఫేజ్ తేడా పెరుగుతుంది, దిక్కు తేటపడుతుంది. ఊరికే కాదు, అందే శక్తి కొంత తగ్గుతుంది. ఎంత వదులుకుని ఎంత రాబట్టుకోవాలో తెలిసినవాడే ఈ విద్యలో మేస్త్రీ.

చెవి సంగతి అయింది, ఇక విన్నదాన్ని బట్టి నేర్చుకునే బుర్ర సంగతి. దీనికి మూలపురుషుడు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు బెర్నార్డ్ విడ్రో అంటాను, ఎవరు కాదన్నా సరే. 1960లో టెడ్ హాఫ్‌తో కలిసి ఆయన కనిపెట్టిన ఎల్ఎంఎస్ పద్ధతి మెషిన్ లెర్నింగ్‌కు పునాదుల్లో ఒకటి. 1967లో దాన్నే యాంటెన్నాలకు అమర్చారు. ఒక్కో యాంటెన్నా సిగ్నల్‌కు ఒక్కో వెయిట్, అన్నీ కలిపితే ఫలితం. రావాల్సినదానికీ వచ్చినదానికీ తేడా ఎంతో చూసి వెయిట్లను ఇంతింత సవరిస్తూ పోవడమే. కాసేపటికి యాంటెన్నాల వరుస కావాల్సిన సిగ్నల్ వైపు చెవి ఒగ్గి, అడ్డుతగిలే సిగ్నల్ వైపు చెవిటిదైపోతుంది. నేటి న్యూరల్ నెట్‌వర్కులు ఇంకో అడుగు ముందుకేశాయి. తెలిసిన కోణాల నుంచి సిగ్నళ్లు పంపి శిక్షణ ఇస్తే, పక్క యాంటెన్నా ప్రభావాన్నీ, బిగించిన స్తంభం చేసే చెరుపునూ కూడా లెక్కలోకి తీసుకుని దిక్కు చెబుతాయి.

ఆకారం కూడా ప్రకృతి దారిలోనే పుట్టవచ్చు. 2006 మార్చిలో నాసా పంపిన ఎస్‌టీ5 బుల్లి ఉపగ్రహాల యాంటెన్నా చూడండి. వంకర్లు తిరిగిన ఒంటి తీగ! మనిషి గీస్తే ఏ ఇంజనీరూ ఒప్పుకోడు. తరం తర్వాత తరంగా డిజైన్లను పుట్టించి, పనికిరానివాటిని ఏరేసే కంప్యూటర్ ప్రోగ్రాం తేల్చిన రూపమది. చక్కగా పనిచేసింది.

మనకూ ఈ విద్యలో వాటా ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో నాలుగెకరాల మేర 1024 చోట్ల యాగీ యాంటెన్నాలు నిలబెట్టి, 53 మెగాహెర్ట్జ్‌లో ఆకాశపు గాలుల పోకడ పట్టే రాడార్ నడుస్తోంది. ఒక్క యాంటెన్నా కూడా కదలదు. ఫేజ్ మారుస్తూ బీమ్‌ను తిప్పుతారు. అది నేర్చుకునే యాంటెన్నా కాదు గానీ, నేర్పు ఎక్కాల్సిన పీట అదే.

ఇంత గొప్ప విద్యకు పట్టిన చీడ చూస్తేనే ఒళ్లు మండుతుంది. రాగి రేకును ఆకులా, సీతాకోకచిలుకలా కత్తిరించి "ప్రకృతి ప్రేరణ" అని పేరు పెడతారు. ఆకు అలా ఎందుకుందో, ఆ ఆకారం తరంగానికి ఏం చేస్తుందో ఒక్క ముక్క ఉండదు. సాఫ్ట్‌వేర్‌లోనే పుట్టించిన డేటాతో శిక్షణ, అందులోనే పరీక్ష, ఆపైన 99 శాతం కచ్చితత్వమని డప్పు! బయట గోడ మీంచి ఒక ప్రతిధ్వని వస్తే ఆ తెలివి కుదేలవుతుంది. రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కుని, సోల్డరింగ్ ఐరన్ ముట్టకుండా పట్టా పుచ్చుకునే పిల్లలు కొందరు. ఫోన్‌కు అంటిస్తే సిగ్నల్ పెరుగుతుందంటూ బంగారు రంగు స్టిక్కర్లు అమ్మేవాళ్లు ఇంకొందరు. బుర్ర ఉంటే చాలు, చెవి ఎలాగున్నా ఫరవాలేదనే వాదం నాకు గిట్టదు. నేను తీగ పక్షం. చెవిలో పడని సిగ్నల్‌ను ఏ అల్గారిథమూ పుట్టించలేదు.

ఇంజనీరింగ్ కాలేజీలవాళ్లకు నా మనవి ఒక్కటే. ప్రతి యాంటెన్నా ప్రాజెక్టునూ పిల్లలతో చేతులారా చేయించండి. ప్రతిధ్వని రాని గది మీకు లేకపోతే మైదానంలోకి తీసుకెళ్లి, తిప్పి తిప్పి కొలిపించండి. కొలత లేని ప్రాజెక్టుకు మార్కులు వేయకండి.