డికీ తెచ్చుకున్న విద్య

ఆంగ్ల రచయిత్రి ఇ. నెస్బిట్ బాలల నవల ‘హార్డింగ్స్ లక్’ (1909)లో కథానాయకుడు డికీ, లండన్ పేదవాడలో పెరిగిన అనాథ. ఒక కాలు అవిటిది. వెన్నెలపువ్వు గింజల మహిమతో అతడు మొదటి జేమ్స్ రాజు కాలానికి చేరుకుంటాడు. అక్కడ ఇల్లుంది, లాలించే దాది ఉంది, కాలికి ఏ లోపమూ లేదు. అయినా తిరిగి వస్తాడు. తనచేత బిచ్చమెత్తించి, దొంగతనానికి సైతం వాడుకున్న దేశదిమ్మరి బీల్ కోసం!

గతంలో నేర్చిన కొయ్యచెక్కడం డికీ చేతులతోపాటు వర్తమానంలోకి వస్తుంది. పెట్టెలు చెక్కి అమ్ముతాడు. ఆ పిల్లవాడి అండతో బీల్ నిజాయితీగా బతకడం నేర్చుకుంటాడు. నవలలో ఉత్తమమైన పుటలు ఇవే.

ముగింపు మాత్రం అంత తృప్తినివ్వదు. డికీయే ఆర్డెన్ ప్రభువంశానికి అసలు వారసుడని తేలుతుంది (మన జానపద కథలకూ ఈ మలుపు కొత్తది కాదు). ఆ హక్కును బంధువులకు విడిచి, అతడు శాశ్వతంగా గతంలోకి వెళ్ళిపోతాడు. ఆ త్యాగం హృదయాన్ని కదిలించే మాట నిజమే. కాని 1884లో ఫేబియన్ సొసైటీని స్థాపించినవారిలో ఒకరైన ఈ సామ్యవాద రచయిత్రి, పేద బాలునికి అతని శతాబ్దంలోనే చోటు చూపలేకపోయారు. ఉలి పట్టిన ఆ చేతులకు ఇక్కడే పని దొరికిందని తామే చిత్రించిన తరువాత కూడా.