అన్నా అని పిలిస్తే

మనకు 'అన్నా' అంటే తోబుట్టువు. కష్టంలో ఉన్న ఆడపిల్ల నోట ముందుగా వచ్చే పిలుపు. అందుకే నవల అట్ట మీద 'అన్నా కరేనినా' అని చూస్తే మన చెవికి అది ఆడపేరులా తోచదు. పోనీ అన్నం, అన్నపూర్ణ గుర్తొస్తాయా అంటే, వాటితోనూ ఈ పేరుకు చుట్టరికం లేదు. దీని పుట్టిల్లు హీబ్రూ భాష.

అక్కడ ఈ పేరు హన్నా. గొంతు లోపల్నించి పలికే 'హ'తో మొదలవుతుంది. అర్థం దయ, కృప. యోహాను, అంటే ఇంగ్లీషువాళ్ళ జాన్, ఈ వేరు నుంచి మొలిచిన మగపేరే. రోమును గడగడలాడించిన హన్నిబాల్ పేరులోనూ ఇదే మాట ఉంది. ఆయనది హీబ్రూకు అక్కచెల్లెలి వరస భాష.

గ్రీకువాళ్ళకు ఆ గొంతు హకారం రాసుకునేందుకు అక్షరం లేదు. వాళ్ళ దగ్గర్నుంచి లాటిన్‌కు వచ్చేసరికి హన్నా కాస్తా అన్నా అయింది. మన తెలుగు బైబిల్లోనే చూడండి: పాత నిబంధనలో సమూయేలు తల్లి హన్నా, కొత్త నిబంధనలో దేవాలయం విడిచి వెళ్ళని వృద్ధ ప్రవక్త్రి అన్న. పేరు ఒకటే, వచ్చిన దారులు రెండు. ఆ తరవాత ఎవరి ముద్దు వాళ్ళది. ఫ్రాన్సులో ఆనెత్, స్పెయిన్‌లో అనీతా, రష్యాలో ఆన్యా, అన్నూష్కా, హంగరీలో అనికో. ఇంగ్లండులో ఆన్, ఆనీ. చివరికి నాన్సీ కూడా ఆ ఇంటి పిల్లగానే చలామణీ అయింది.

పిల్లల పేర్ల పుస్తకాలు ఇవన్నీ వరసగా ఇచ్చి, ఎదురుగా 'దయ' అని రాసి ఊరుకుంటాయి. నాకు తృప్తి లేనిది అక్కడే. దయ అనగానే చల్లగా నవ్వే అమ్మాయి కళ్ళముందు నిలుస్తుంది. కానీ ఈ పేరు మోసిన ఆడవాళ్ళ కథలు చదివితే దయ వాళ్ళ దగ్గర ఉన్న వస్తువు కాదు, వాళ్ళు అడుక్కోవలసి వచ్చిన వస్తువు.

మొదటి హన్నానే తీసుకోండి. పిల్లలు లేరు. సవతి పెనిన్నాకు ఉన్నారు, పైగా దెప్పుతుంది. భర్త ఎల్కానా మంచివాడే. పదిమంది కొడుకుల పెట్టు నేను లేనా అంటాడు పాపం. ఆ మాటతో ఏ ఆడదాని కడుపుకోత తీరుతుంది? షిలోహు మందిరంలో ఆమె పెదవులు కదుపుతూ లోలోపల ప్రార్థిస్తుంటే, యాజకుడు ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు! ఆమె తడబడకుండా, తాను తాగలేదనీ మనసులో దుఃఖం వెళ్ళబోసుకుంటున్నాననీ చెప్పుకుంది. కొడుకు పుట్టాడు. మొక్కు ప్రకారం పాలు మాన్పించాక వాణ్ణి ఆ మందిరానికే ఇచ్చేసింది. ఏటేటా మాత్రం చిన్న అంగీ ఒకటి కుట్టి తీసుకెళ్ళేది. ఎదిగే పిల్లవాడికి ఏటికేడాది కొలత మారుతుంది కదా! కంటి ముందు లేని కొడుకు కొలతను ఆ తల్లి ఎలా ఊహించుకునేదో కథకుడు చెప్పడు. చెప్పకపోవడమే నాకు నచ్చింది.

టాల్‌స్టాయ్ అన్నా దగ్గరికి వస్తే, ఆ పుస్తకం పేరులో సగం ఆమెది, సగం భర్తది. కరేనిన్ భార్య గనక కరేనినా. ఇల్లు విడిచింది గాని విడాకులు రాలేదు, ఆ పేరూ వదల్లేదు. నవల మొత్తంలో నన్ను కలవరపెట్టేది రైలు కాదు, బొమ్మలు. కొడుకు శెర్యోజా పుట్టినరోజున బొమ్మలు కొని, దొంగలా తన ఇంటికే వెళుతుంది. వాణ్ణి చూసిన ఆత్రంలో, భర్త వస్తున్నాడన్న కంగారులో ఆ పొట్లం విప్పనే విప్పదు. తిరిగి తనతోనే తెచ్చేసుకుంటుంది. అంగీ చేరింది, బొమ్మలు చేరలేదు. హన్నాను ఊరు తప్పు పట్టలేదు, అన్నాను పట్టింది. అంతే తేడా.

మూడో ఆవిడ కల్పన కాదు. రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా (1889–1966). ఇంటిపేరు గొరెంకో. ఆ పేరుతో కవిత్వం అచ్చు కావడం తండ్రికి ఇష్టం లేకపోతే, ముత్తవ్వ వైపు పేరు పెట్టుకుంది. కరేనినా చేయలేని పని ఈమె చేసింది. కాని 1938లో కొడుకు లెవ్‌ను పట్టుకుపోయినప్పుడు, లెనిన్‌గ్రాడ్ జైలు ముందు పొట్లం పట్టుకుని వందలమంది తల్లుల వెనక నెలల తరబడి నిలబడవలసే వచ్చింది. ఆ అనుభవంలోంచి వచ్చిన 'రెక్వియం' ఆమె దేశంలో అచ్చవడానికి 1987 దాకా పట్టింది.

ఈ వరసలో కాస్త నవ్వించే పిల్ల కెనడా రచయిత్రి మాంట్‌గొమరీ 1908లో సృష్టించిన ఆన్ షర్లీ. ఇక్కడ తల్లి లేదు, అనాథ పిల్లే ఉంది. మగపిల్లవాడు కావాలన్న ఇంటికి పొరపాటున వచ్చి చేరింది. నా పేరు చివర 'ఇ' అక్షరం ఉండాలని పట్టుబడుతుంది. తెలుగులో రాస్తే ఆ అక్షరం కనబడనే కనబడదు, అనువాదకులకు చిక్కే. అయినా పోరు మనకు అర్థమవుతుంది. ఎవరికీ అక్కర్లేని పిల్ల తన పేరు సరిగా రాయమంటోంది. తనకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే మరి.

పేర్ల పుస్తకంలో 'దయ' పక్కన ఇంకో మాట చేర్చమంటే నేను 'అడిగినది' అని చేరుస్తాను. మీరూ ఈసారి ఏ నవల్లోనైనా ఒక అన్నా ఎదురైతే, ఆవిడ అందం సంగతి తరవాత చూడండి. చేతిలో పొట్లం ఏమైనా ఉందేమో, అది ఎవరికి చేరాలో ముందు చూడండి.