ఊహాశక్తి - రచయిత దినచర్య

మన రచయితల సభల్లో వస్తువు గురించి చాలా మాట్లాడుకున్నాం. శిల్పం గురించి కూడా, కొంత సంకోచంతోనే అయినా, మాట్లాడుకున్నాం. ఊహాశక్తి గురించి మాత్రం మాట్లాడుకున్నది తక్కువ. ఆ మాట ఎత్తగానే మనకు భావకవి గుర్తొస్తాడు. వెన్నెలా, విరహమూ, ఎక్కడా లేని ప్రేయసీ గుర్తొస్తారు. ఊహ అంటే వాస్తవం నుంచి పారిపోవడమేనన్న అనుమానం మనలో స్థిరపడిపోయింది. ఆ అనుమానానికి చారిత్రక కారణాలు లేకపోలేదు. అయితే అవతలి పక్షం వాడు వాడుకున్నాడు గదా అని మన పనిముట్టును మనమే పారేసుకున్నామని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో ఆ పనిముట్టు గురించి, దానికి రోజూ పదును పెట్టుకోవలసిన పద్ధతి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ విషయాన్ని మన ఆలంకారికులు మనకంటే శ్రద్ధగా పట్టించుకున్నారు. శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి కావ్యానికి హేతువని మమ్మటుడు చెప్పాడు. నిపుణత ఎలా వస్తుందంటే లోకాన్నీ, శాస్త్రాలనూ, కావ్యాలనూ పరిశీలించడం వల్ల వస్తుందన్నాడు. లోకాన్ని ముందు పెట్టాడని గమనించాలి. ఆయనకంటే ముందువాడైన రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో ఏకంగా కవికి దినచర్యే రాసిపెట్టాడు. పగటినీ రాత్రినీ జాములుగా విభజించాడు. పొద్దున విద్యాభ్యాసం, రెండో జామున రచన, భోజనం తర్వాత కావ్యగోష్ఠి, సాయంత్రానికి పొద్దున రాసినదాన్ని తిరిగి పరీక్షించుకోవడం. ఆ కవికి అన్ని ఋతువులకూ అనువైన ఇల్లుండాలి, తోటలుండాలి, పరిచారకులుండాలి. ఇది ఏ వర్గం వాడి దినచర్యో చెప్పనక్కర్లేదు. ఆ తోటకు నీళ్లు తోడిపోసిన వాడి జాములు ఎలా గడిచాయో రాజశేఖరుడు రాయలేదు.

అయినా ఆయన దగ్గర నేర్చుకోవలసినవి రెండున్నాయి. ఊహ అనేది ఎప్పుడో దయతలచి వచ్చిపోయే చుట్టం కాదనీ, రోజూ వేళకు చేయవలసిన పని అనీ ఆయన గుర్తించాడు. ప్రతిభను రెండుగా విడదీసి, రాసేవాడిది కారయిత్రి, చదివి గ్రహించేవాడిది భావయిత్రి అన్నాడు. ఎదుటివాడి లోపలికి ప్రవేశించగల ఈ రెండో శక్తి పాఠకుడికే పరిమితం కానక్కర్లేదు. రచయితకు కూడా ముందు కావలసింది అదే. రాయడానికి కూర్చునే ముందు మనుషుల్ని చదవాలి గదా!

నేనుండే ఉక్కునగరంలో రోజును విభజించేది జాములు కావు, షిఫ్టులు. ఉదయం 6 నుంచి 2 దాకా ఏ షిఫ్టు, 2 నుంచి 10 దాకా బి, రాత్రి 10 నుంచి తెల్లవారి 6 దాకా సి. పిల్లల చదువులూ, పెళ్లిచూపులూ, చివరికి మా సాహిత్య సమావేశాలూ వీటిని బట్టే జరుగుతాయి. సి షిఫ్టు చేసి వచ్చినవాడు కథ ఎప్పుడు రాయాలి అని నన్ను అడిగిన మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్న. అయితే ఆ మిత్రులు ఇంకో సంగతి మరిచిపోతున్నారు. సి షిఫ్టులో వాళ్లు ఎనిమిది గంటల పాటు చేసే పనిలోనే ఊహాశక్తి ఉంది.

బ్లాస్ట్ ఫర్నేస్ లోపల ఏం జరుగుతోందో దాని ముందు నిలబడి చూసినవాడు లేడు. ఇక్కడి మూడు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. వేడిగాలి లోపలికి పోయే గొట్టం దగ్గర చిన్న గాజు కంత ఉంటుంది. ఆ కంతలో కనిపించే వెలుగును బట్టి, బయటికి వచ్చే చిట్టెం రంగును బట్టి, జారిపడే ఇనుము నుంచి ఎగిరే రవ్వలను బట్టి లోపలి స్థితి ఎలా ఉందో అనుభవమున్న కార్మికుడు పోల్చుకుంటాడు. పక్కన కొలత యంత్రాలుంటాయి. కాని యంత్రం ఒకటి చెప్పి, చిట్టెం రంగు మరొకటి చెప్పినప్పుడు తేల్చుకోవలసినవాడు మనిషే. కనిపించిన కొద్దిపాటి ఆనవాళ్ల నుంచి కనిపించని సమస్తాన్నీ నిర్మించుకోవడమే ఊహ. మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో తేనెటీగనూ వాస్తుశిల్పినీ పోల్చి, మనిషి కట్టబోయేదాన్ని ముందు మనసులో కడతాడని చెప్పిన సంగతి మన పాఠకులకు తెలిసిందే. ఆ మాటను మనం శ్రమ గురించి చెప్పుకున్నాం గాని కవిత్వం గురించి చెప్పుకోలేదు.

ఇక మన కవిత్వం సంగతి చూద్దాం. ఈ కర్మాగారం కోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1992లో జాతికి అంకితం చేశారు. 2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదించింది. ఆ తర్వాత కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కార్మికులు రోజుల తరబడి కూర్చున్నారు. అక్కడ చదివిన కవితలు నేను చాలా విన్నాను. వాటి పక్షం నా పక్షమే. అందుకే నిర్మొహమాటంగా చెబుతున్నాను: ప్రతి కవితలోనూ ఉక్కు పిడికిలే, అగ్నికణమే, రగిలే కొలిమే. కొలిమి ఎలా రగులుతుందో, అది చల్లారితే ఏమౌతుందో చెప్పిన కవిత ఒక్కటీ నేను వినలేదు. వింటున్న కార్మికులకు కొలిమి తెలుసు, చదువుతున్న కవికి తెలియదు. ఎన్నేళ్ల కిందటనో ఎవరో పోత పోసిన ప్రతీకలను కరిగించకుండా అలాగే చేతికందిస్తే దాన్ని నిబద్ధత అనడానికి నాకు మనసొప్పదు. భావకవి అరువు తెచ్చుకున్న వెన్నెలకూ, మనం అరువు తెచ్చుకున్న నిప్పుకూ తేడా ఎంత?

ఈ విశాఖపట్నంలోనే ఇద్దరు రచయితలు ఈ పని ఎలా చేశారో చూడాలి. ఇద్దరికీ తోటలున్న ఇళ్లూ, తీరుబడి జాములూ లేవు. ఒకరు వకీలు, ఒకరు బడిపంతులు.

రావిశాస్త్రి కోర్టులో రోజూ చూసిందేమిటి? కేసు కాగితాలు. ఆ కాగితంలో ముద్దాయికి పేరుంటుంది, వయసుంటుంది, నేరముంటుంది, మనిషి ఉండడు. ఆ కాగితంలో లేని మనిషిని పునర్నిర్మించడమే ఆయన రచన. 'ఆరు సారా కథలు'లోని 'మాయ' తీసుకోండి. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ కుర్ర వకీలుకు లోకం తీరు విప్పి చెబుతుంది. రాసినవాడు వకీలు, మాట్లాడుతున్నది ముద్దాయి, నోరుమూసుకుని వింటున్నది వకీలు. తన వృత్తి తన ముందు నిలబడిన మనిషికి ఎలా కనిపిస్తుందో ఊహించడం చిన్న విషయం కాదు. ఎవరి ఊహ అయినా తనకు అనుకూలమైన దిక్కుకే సులువుగా పోతుంది. తనమీదికే తిప్పుకోవడానికి సాధన కావాలి. ముత్యాలమ్మ భాష గురించి మన విమర్శకులు చాలా రాశారు. ఉత్తరాంధ్ర యాసను పట్టుకున్నారని మెచ్చుకున్నారు. యాస చెవితో పట్టుబడుతుంది. ఆమె తర్కం చెవికి చిక్కేది కాదు.

ఊహ ఎప్పుడూ మేలే చేస్తుందని కూడా అనుకోరాదు. దానికీ రావిశాస్త్రే సాక్ష్యం. 'అల్పజీవి' సుబ్బయ్యకు ఊహాశక్తి తక్కువేం కాదు. ఎవరేమనుకుంటారో, ఎవరేం చేస్తారో అని క్షణక్షణం ఊహిస్తూనే ఉంటాడు. ఆ ఊహంతా భయానికి ఊడిగం చేస్తుంది. మధ్యతరగతి జీవితంలో ఊహ ఎక్కువగా ఖర్చయ్యేది ఇక్కడే. ఇవాళ దానికి ఇంకో ఖర్చు కూడా వచ్చింది. చేతిలోని ఫోను ఊహించే పని లేకుండా బొమ్మలన్నీ తయారుచేసి పెడుతోంది. మా బడిలో పిల్లలు 'రాక్షసుడు' అనగానే ఒకే రాక్షసుణ్ణి గీస్తున్నారు.

కాళీపట్నం రామారావు గారు ఈ నగరంలోని సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో మూడు దశాబ్దాలు పనిచేశారు. నేనూ బడిపంతులునే గనుక ఆ దినచర్య నాకు తెలుసు. గంట కొట్టడం, హాజరు, దిద్దవలసిన పుస్తకాలు. 'యజ్ఞం' ముగింపు మీద ఎంత చర్చ జరిగిందో మీకు తెలుసు. సీతారాముడు కన్నబిడ్డను నరకడం వాస్తవమా, అలా ఎక్కడైనా జరిగిందా అని అడిగినవాళ్లున్నారు. నా దృష్టిలో ఆ ప్రశ్నే తప్పు. ఆ కథలో ఎక్కువ భాగం లెక్కే. అప్పు ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, అభివృద్ధి అన్నది ఊళ్లో ఎవరికి అందింది, ఎవరి చేతిలోంచి జారిపోయింది అన్న లెక్కను మాస్టారు ఓపికగా, మెట్టు తర్వాత మెట్టు వేసి చూపిస్తారు. ఆ మెట్లన్నీ మనతో ఎక్కించాక చివరి మెట్టు మీద నిలబెడతారు. అక్కడికి వచ్చాక ఆ ఘటన ఏ ఊళ్లో జరిగిందని ఎవరూ అడగనక్కర్లేదు. లెక్క తప్పని చూపించగలిగితే చూపించాలి. పత్రికలో వచ్చిన ఘోరాన్ని తెచ్చి కథ చివర అతికించే రచయితకూ, లెక్కను ఊహతో చివరిదాకా నడిపించే రచయితకూ ఉన్న తేడా అది. మన యువ కథకుల్లో మొదటి రకం పెరుగుతున్నారు.

ఊహకు ముడిసరుకు అనుభవమేననీ, అనుభవం ఎంత విస్తృతమైతే ఊహ అంత బలపడుతుందనీ సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ 1930లోనే పిల్లల గురించి రాస్తూ నిరూపించాడు. పిల్లలకు ఊహ ఎక్కువ, పెద్దలకు తక్కువ అన్న ప్రచారాన్ని ఆయన ఒప్పుకోలేదు. పిల్లవాడు తన ఊహను నమ్ముతాడు, అదుపులో పెట్టుకోడు, అంతే. ఇంకొకటి కూడా చెప్పాడు: మనం స్వయంగా చూడనిదాన్ని ఇతరుల మాటల ద్వారా ఊహించుకుని అనుభవంలో కలుపుకోగలమని. ఉక్కునగరంలో రాసేవాళ్లకు ఈ మాట చాలా ముఖ్యం. ఎందుకంటే ఈ కర్మాగారం కోసం 64 గ్రామాలు కదిలిపోయాయి. 16 వేలకు పైగా కుటుంబాలు భూములు వదులుకున్నాయి. నిర్వాసితులకు ఆర్ కార్డులిచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన తరం ముసలిదైపోయింది. కొలిమి మీద ఇన్ని కవితలు రాశాం గాని, దాని పునాది కింద ఉన్న ఊరి మీద ఎన్ని కథలు రాశాం?

మా తొమ్మిదో తరగతికి ఒకసారి 'మీరు ఆడుకునే మైదానం కింద ఏముంది?' అని వ్యాసం ఇచ్చాను. ఇసుక, రాళ్లు, నీళ్ల గొట్టాలు అని రాశారు చాలామంది. ఒకడు పెట్రోలు ఉందని రాశాడు, వాడి ఆశ వాడిది. ఒక అమ్మాయి కళ్లం ఉందని రాసింది. కళ్లం పక్కన చింతచెట్టు, ఏ పొద్దుకు చెట్టునీడ కళ్లం మీద పడుతుందో, నూర్పుల వేళ ఆ నీడ కోసం ఎవరెవరు పోట్లాడుకునేవారో రాసింది. ఎలా తెలుసని అడిగితే, మూడు సాయంత్రాలు వాళ్ల నాయనమ్మను కూర్చోబెట్టి అడిగానంది. నీడ సంగతి మాత్రం నాయనమ్మ చెప్పలేదట. చెట్టు ఏ దిక్కున ఉండేదో కనుక్కుని, సూర్యుడు ఎటు తిరుగుతాడో చూసుకుని తనే లెక్కగట్టిందట. పోట్లాట సంగతి ఆ తర్వాత నాయనమ్మను మళ్లీ అడిగితే ముసలామెకు గుర్తొచ్చిందట, పేర్లతో సహా.

నేను ప్రతిపాదించే దినచర్య ఇంతకంటే పెద్దదేం కాదు. రోజుకొక మనిషిని, మనకు పనిలేని మనిషిని, అడగాలి. అడిగిన దానిలో ఉన్న ఖాళీని గుర్తించాలి. ఆ ఖాళీని తెలిసిన లెక్కతో పూరించి, మళ్లీ ఆ మనిషి దగ్గరికే తీసుకెళ్లాలి. కాంట్రాక్టు కార్మికుడు గేటు దగ్గర పాసు చూపించి లోపలికి వెళ్లేది రోజూ చూస్తూనే ఉన్నాం. పాసు గడువు తీరిన రోజు ఉదయం అతను ఇంట్లో ఏం చెప్పి బయల్దేరతాడు? టిఫిన్ బాక్సు పట్టుకునే బయల్దేరతాడా? ఈ ప్రశ్నకు జవాబు మన దగ్గర ఉన్న ఏ కథలోనూ లేదు. గేటు మన ఇళ్లకు మైలు దూరం కూడా లేదు.