గరగర వెనక గొంతు

తెలుగు పాట మద్రాసులో పుట్టినా, చాలాకాలం దానికి రూపు కట్టింది బెంగాలే. గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తాలోని సియాల్దాలో ఫ్యాక్టరీ తెరిచింది. 1928లో దాన్ని డమ్‌డమ్‌కు మార్చింది. మన ఇళ్లలో కుక్కబొమ్మ రికార్డు అని ముద్దుగా పిలుచుకున్న ప్లేట్లు అక్కడ అచ్చయినవే. వాటిలో కలిపిన లక్క ఎక్కడిదో కాదు, ఛోటానాగ్‌పూర్, పురూలియా వైపు మోదుగ, రేగు చెట్ల మీద పురుగు పెట్టినది. బెంగాల్ నాగపూర్ రైల్వే నడిచిన ప్రాంతమే అది.

ఆ రైల్వే కోసమే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వేలమంది బెంగాల్లోని ఖరగ్‌పూర్ చేరారు. వర్క్‌షాపులో పని, రైల్వే క్వార్టర్లో కాపురం, గోల్‌బజార్లో సరుకులు. హౌరా అక్కడికి దాదాపు 115 కిలోమీటర్లు. సినిమాకూ కలకత్తాతో ముడి ఉండేది. దర్శకుడు సి.పుల్లయ్య ‘సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీ కోసం తీసినవే. అప్పట్లో కాకినాడ వైపు నుంచి కలకత్తాకు రైలెక్కితే ఖరగ్‌పూర్ మీదుగా పోవాల్సిందే. తెలుగు పాట పుట్టిన చోటుకి దూరమైనా, అచ్చయిన చోటుకి ఖరగ్‌పూర్ దగ్గర. అందుకే ఒకే పాట రకరకాల విడుదలల్లో ఎలా వినిపిస్తుందో పోల్చి చూడటానికి ఇంతకంటే తగిన ఊరు నాకు తోచదు.

రాక్ సంగీతం ప్రేమించేవాళ్లకు ఈ పోల్చడం పాత అలవాటు. బీటిల్స్ సీడీలు 1987లో ఎలా ఉన్నాయి, 2009లో ఎలా వచ్చాయి అని రాత్రంతా వాదించుకోగలరు. ఖరగ్‌పూర్ ఐఐటీ స్ప్రింగ్ ఫెస్ట్‌లో ‘వైల్డ్‌ఫైర్’ అని రాక్ బ్యాండ్ల పోటీయే ఉంది. ఆ పట్టుదల మాత్రం ఘంటసాల దాకా రాలేదు. మన దగ్గర ‘రీమాస్టర్డ్’ అని అట్ట మీద రాస్తే చాలు, నమ్మేస్తాం. ఎవరు, ఏ ప్రతి నుంచి, ఏం తీసేసి చేశారని అడగం. వేమన పద్యాలకు సి.పి.బ్రౌన్ ఎన్ని తాళపత్రాలు తెప్పించి, పాఠాంతరాలు పక్కపక్కన పెట్టి చూశాడో మనకు తెలుసు. రికార్డుకూ అంత శ్రద్ధ పెట్టవచ్చు.

మొదట ప్రతిని గుర్తుపట్టాలి. రికార్డు లేబులుకీ గాళ్లు ఆగిన చోటుకీ మధ్య నున్నటి జాగాలో చెక్కిన అంకెలుంటాయి. అవి మాస్టరు సంఖ్యలు. లేబులు ఒకేలా ఉన్నా ఈ అంకెలు తేడాగా ఉంటే వేరే అచ్చు కిందే లెక్క. 78 రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది. కాబట్టి ఆలాపన కుదించో, చరణం ఎగరగొట్టో ఇచ్చినవి బోలెడు. తరవాత సినిమా సౌండ్‌ట్రాక్ నుంచి తీసిన ప్రతి నిడివిగా ఉంటే, అది ‘బాగుచేసిన’ పాట కాదు, వేరే పాట. పోలిక మొదలుపెట్టకముందే ఇది తేల్చుకోవాలి.

రెండోది సౌండు సమానం చేసుకోవడం. ఇది విడవకూడని నియమం. రెండు ప్రతుల్లో కాస్త గట్టిగా మోగేదే మన చెవికి మేలుగా అనిపిస్తుంది. కంపెనీలకు ఈ బలహీనత ఎప్పుడో తెలిసింది. 1990ల నుంచి సీడీలను అంతకంతకూ గట్టిగా చేస్తూ పోయారు. 2008లో మెటాలికా ‘డెత్ మ్యాగ్నెటిక్’ ఎంత గట్టిగా వచ్చిందంటే, అదే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో విన్నవాళ్లు ఆటలోదే నయమన్నారు. సీడీకి నెమ్మదికీ గట్టికీ మధ్య దాదాపు 96 డెసిబెళ్ల చోటుంది. దాన్ని వాడుకోకుండా అంతా పైకప్పుకి అంటించారు.

ఇది మనకెందుకంటారా? ఘంటసాల భగవద్గీత తీసుకోండి. 1974లో ఆయన పోయిన తర్వాత విడుదలైన ఎల్పీ అది. శ్లోకం పాట, తాత్పర్యం మాట. పాడేటప్పుడు గొంతు లేస్తుంది, మాటలో దిగుతుంది. ఆ లేవడం దిగడమే దాని ప్రాణం. గట్టి చేసిన ప్రతిలో మాటా పాటా ఒకే మట్టంలో వినిపిస్తాయి. మైకు సెట్టు మీద గుడి దగ్గర వేయడానికి అది బాగానే ఉంటుంది, నిజమే. ఇంట్లో కూర్చుని వినేవాడికి మాత్రం ఆయన పక్కన కూర్చుని చెబుతున్నట్టుండదు, ప్రకటన చదువుతున్నట్టుంటుంది.

ఇక అసలు చిక్కు గరగర. 78 రికార్డులో లక్కతో పాటు రాతిపొడి కలిపేవారు. దాని మీద ఉక్కు పిన్ను గీసుకుంటూ పోతుంది కనక ఆ రొద తప్పదు. దురదృష్టం ఏమిటంటే, మన స, శ, చ లాంటి అక్షరాల పదును ఉండేది కూడా ఆ రొద ఉన్న పై స్థాయిలోనే. గరగర తీస్తున్నామని కంప్యూటరు కత్తెర వేస్తే అక్షరాల అంచులు కూడా పోతాయి. గాయకుడు పద్యం ఎత్తుకునే ముందు పీల్చే ఊపిరి పోతుంది. తంబురా నాదం చివర మాయమవుతుంది. పాట దూది చుట్టినట్టు తయారవుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీయో ఇంగ్లీషో నడిచే ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లో పిల్లలకి తెలుగు పలుకుబడి చెప్పే పంతులు చాలావరకు పాటే. అక్కడ శకారం మొద్దుబారితే నష్టం పెద్దది.

కత్తెర ఎంత కోసిందో చూడటానికి ఒక ఉపాయం ఉంది. శుభ్రం చేయని ప్రతినీ, దాన్నుంచే శుభ్రం చేసినదాన్నీ ఒకే సౌండుకి తెచ్చి, మొదలు సరిగ్గా కలిసేలా పెట్టి, ఒకదాన్ని తలకిందులు చేసి రెండూ కలపాలి. ఉచితంగా దొరికే ఆడాసిటీలోనే ఈ పని అవుతుంది. రెండిట్లో సమానంగా ఉన్నదంతా కొట్టుకుపోయి, తీసేసిన చెత్త మాత్రం మిగులుతుంది. ఆ చెత్తలో గరగర ఒక్కటే వినిపిస్తే పనితనం గొప్పది. గొంతు వినిపిస్తే పాటని పారేశారన్నమాట.

మంచి పనివాళ్లు కత్తెర దాకా పోకముందే చాలా సాధిస్తారు. 78 గాడి ఎల్పీ గాడికి దాదాపు మూడింతల వెడల్పు. ఎల్పీ పిన్ను పెడితే అది గాడి అడుగున మట్టిలో పాకుతుంది. సరైన పిన్ను పెట్టి, పాత పిన్నులు అరగదీయని ఎత్తులో గోడని తాకేలా చేస్తే సగం రొద అక్కడే పోతుంది. పైగా 78 మోనో. స్టీరియో కార్ట్రిడ్జితో వాయించి రెండు చానళ్లూ కలిపేస్తే, పిన్ను పైకీ కిందికీ ఎగరడం వల్ల పుట్టిన చప్పుడు రద్దవుతుంది. పాట ఉన్నది అడ్డంగా ఊగే కదలికలో కనక దానికేమీ కాదు.

మోనో అంటే చిన్నచూపు ఎందుకో నాకు అర్థం కాదు. ‘సార్జంట్ పెప్పర్’ (1967) మోనో మిక్స్ దగ్గరే బీటిల్స్ శ్రద్ధగా కూర్చున్నారు. స్టీరియో వాళ్లు లేకుండా తొందరగా ముగిసింది. 2009లో మోనో పెట్టెను గట్టి చేయకుండా వదిలారు, స్టీరియోకి కొంచెం అద్దారు. మన ‘మాయాబజార్’ (1957) రంగులు పూసుకుని 2010లో వచ్చినప్పుడు మోనో ధ్వనిని డీటీఎస్ 5.1కి మార్చారు. థియేటర్లో ఘటోత్కచుడి ఆర్భాటానికి అది తగింది. పాట వినాలంటే నా ఓటు పాత ఒంటి చానల్‌కే. హిందీ పాటలకు డప్పు జోడించి అమ్మిన ‘ఝంకార్ బీట్స్’ క్యాసెట్లు ఖరగ్‌పూర్ బజార్లలోనూ తెగ మోగాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ ఊరి పాత ఇళ్లలో ఇంకా మిగిలినవి ఉంటే ముందు ఎత్తిపెట్టుకోవాల్సింది క్యాసెట్లని. లక్క ప్లేటు కింద పడకపోతే మరో తరం ఉంటుంది. టేపు మీది పూత అలా నిలవదు. డెక్కులో హెడ్ పక్కన చిన్న మర ఉంటుంది. క్యాసెట్ నడుస్తుండగా దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ, స, శ పదునుగా వినిపించిన చోట ఆపాలి. రికార్డు చేసేటప్పుడు రొద తగ్గించే డాల్బీ వాడారో లేదో చూసి, వాడని టేపుకి డాల్బీ మీట కట్టేయాలి. అప్పుడు, గరగరతో సహా, ఏమీ తుడవకుండా కంప్యూటర్లోకి ఎక్కించి ఆ ప్రతిని విడిగా ఉంచాలి. శుభ్రం చేసే పని దాని నకలు మీద ఎప్పుడైనా చేసుకోవచ్చు.