అద్దాల పెట్టెలో ఉగ్రదేవత

అమెరికాలోని పెద్ద మ్యూజియంలలో ఆసియా విభాగానికి వెళ్ళినవారికి బుద్ధుని ప్రశాంత విగ్రహాల ప్రక్కనే వేరొక రకమైన మూర్తులు కనబడతాయి. కోరలు, ఉరిమి చూచే మూడు కన్నులు, పుర్రెల దండలు, చుట్టూ అగ్నిజ్వాలలు. అహింసను బోధించిన మతంలో ఇంత భయంకర రూపాలు ఎందుకని పిల్లలు తప్పక అడుగుతారు. ఈ ప్రశ్నకు అమెరికా పండితులు, మ్యూజియంలు ఇచ్చిన జవాబు ఏమిటి, అది ఎంతవరకు సరి, అమ్మోరును కొలిచే వంశాలలో పుట్టిన మనకు అందులో నేర్చుకోవలసినది ఏమిటి అను విషయాలను ఈ వ్యాసంలో పరిశీలించదలచాను.

మొదట బౌద్ధులు చెప్పే మాట వినవలెను. ఈ మూర్తులకు సంస్కృతంలో క్రోధ దేవతలని పేరు. వజ్రయానం అను తాంత్రిక బౌద్ధంలో, ముఖ్యంగా టిబెట్టులో, వీరికి గొప్ప స్థానం ఉన్నది. ఆరు చేతుల మహాకాలుడు కరుణామూర్తి అయిన అవలోకితేశ్వరుని ఉగ్రరూపమని, దున్నపోతు తల గల వజ్రభైరవుడు జ్ఞానమూర్తి అయిన మంజుశ్రీ ఉగ్రరూపమని వారి నమ్మకం. మనం విష్ణువు అవతారంగా ఎరిగిన హయగ్రీవుడు కూడా వారికి అవలోకితేశ్వరుని క్రోధరూపమే. జపానులో అచలుడు ఫుదో మ్యోఓ అను పేరుతో, ఒక చేత కత్తి, ఒక చేత పాశం ధరించి, మంటల నడుమ ఉంటాడు. వీరి కోపం మనిషి మీద కాదు, మనిషిలోని అజ్ఞానం మీద, అహంకారం మీద, ద్వేషం మీద. వీధిలోకి పరుగెత్తే పసివానిని తల్లి మెల్లగా పిలువదు. గట్టిగా అరిచి, రెక్క పట్టుకొని లాగుతుంది. ఆ అరుపులో ఉన్నది ప్రేమే. క్రోధ దేవతల కోపం కూడా అట్టిదే అని బౌద్ధ గురువులు చెబుతారు.

ఈ భావాన్ని అమెరికా చదువరులకు చక్కగా వివరించిన కళాచరిత్రకారుడు రాబ్ లిన్‌రోత్. 1999లో వెలువడిన ఆయన గ్రంథం పేరును తెలుగులో "నిర్దయ కరుణ" అని చెప్పుకొనవచ్చు. బీహారు, బెంగాలు, ఒడిషా ప్రాంతాల శిల్పాలను తాంత్రిక గ్రంథాలతో జతచేసి చదివి, క్రోధ దేవతల ఎదుగుదలను ఆయన మూడు దశలుగా చూపించాడు. మొదటి దశలో హయగ్రీవుడు, యమాంతకుడు వంటివారు బోధిసత్వుని ప్రక్కన నిలిచిన పొట్టి సేవకులు. రెండవ దశలో వారికి స్వంత స్థానం ఏర్పడింది. మూడవ దశలో హేవజ్రుడు, సంవరుడు వంటి ఉగ్రమూర్తులే మండలం నడుమ ప్రధాన దేవతలైనారు. వాకిట కాపలా కాసినవాడు చివరకు గర్భగుడిలో కూర్చున్నాడన్నమాట. ఓపికతో చేసిన పరిశోధన ఇది, మెచ్చుకొనదగినది.

2004 అక్టోబరులో న్యూయార్కులో రూబిన్ మ్యూజియం తెరిచినప్పుడు లిన్‌రోత్, జెఫ్ వాట్ కలిసి ఈ విషయం మీదనే ఒక ప్రదర్శనను, ఒక గ్రంథాన్ని సిద్ధం చేశారు. లోపల వ్రాసినది గౌరవంతో కూడినదే. నా అభ్యంతరం పేరు మీద. "దయ్యపు" అను మాటను, "దివ్య" అను మాటను ప్రక్కప్రక్కన పెట్టి పేరు కూర్చారు. పైకి దయ్యంవలె కనబడేది దివ్యమేనని చెప్పుటకే ఆ పేరు అని నాకు తెలుసు. కాని దయ్యం అను ముద్ర ఎవరు వేశారు? ఆ దేవతను కొలిచేవాడు వేయలేదు, బయటినుండి చూచినవాడు వేశాడు. 1895లో వాడెల్ అను బ్రిటిషువాడు టిబెట్టు మతాన్ని గూర్చిన గ్రంథంలో దానిని భూతపూజల కలగలుపుగా వర్ణించాడు. ఆ పాత మాటను ఖండించే పుస్తకం కూడా దానినే తలకెత్తుకొన్నది.

ఇట్టి ముద్ర మన తల్లులకూ పడినది. విల్బర్ థియొడోర్ ఎల్మోర్ అను అమెరికా బాప్టిస్టు మిషనరీ తెలుగుదేశంలో పనిచేసి గ్రామదేవతలమీద వ్రాసిన పరిశోధనను 1915లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ప్రచురించింది. పోలేరమ్మ, అంకమ్మ, ఎల్లమ్మల కథలను అతడు శ్రద్ధగా సేకరించాడు, అందుకు కృతజ్ఞులం. అయితే ఈ దేవతలు కీడు చేసేవారని, ఆ కీడు తప్పించుకొనుటకే వారికి పూజలని అతని దృష్టి. అప్పటికి గిర్మిట్ ఓడలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మద్రాసు రేవు గుండా ఫిజీకి కూలీలను ఎక్కించుట 1903లో మొదలై 1916 వరకు సాగింది. ఒక వైపు మనవారు ఆ తల్లిని మనసులో పెట్టుకొని సముద్రం దాటుతుండగా, మరొక వైపు ఆమె గురించి నెబ్రాస్కాలో పుస్తకం అచ్చవుతున్నది. టిబెట్టు దేవత కోపాన్ని కరుణగా అర్థం చేసుకొనుటకు అమెరికా పండితులు వందేళ్ళు శ్రమించారు. మన పోలేరమ్మ కోపాన్ని గూర్చి అంత శ్రమ పడినవారు తక్కువ. మనలోనే కొందరు ఆమె పేరు చెప్పుటకు సిగ్గుపడుతున్నారు.

ఇక మ్యూజియంల సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఏషియన్ ఆర్ట్ మ్యూజియంలో సింహవక్త్ర అను డాకిని మూర్తి ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో, చీనా చక్రవర్తి చియెన్‌లుంగ్ కాలంలో, లక్కతో చేసినది. సింహం ముఖం, తెరిచిన నోరు, నాట్యభంగిమ. తెలుగువాడు ఆమె ముందు నిలబడితే సింహాచలం గుర్తుకు రాక మానదు. మారిషస్‌లోని మనవారు నేటికీ సింహాద్రి అప్పన్నను మరువలేదు.

అయితే ఆ రెండు చోట్లకు ఒక పెద్ద తేడా ఉన్నది. సింహాచలంలో వరాహ నరసింహుని ఉగ్రరూపం ఏడాది పొడవునా చందనపు పూతలో దాగి ఉంటుంది. అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం. టిబెట్టు మఠాలలోనూ ఇదే తీరు. ఉగ్రదేవతలకు గోన్‌ఖంగ్ అను వేరు గది, చీకటి గది ఉంటుంది. అక్కడ ఢంకా మ్రోగించి, తోర్మా అను పిండి నైవేద్యాలు పెట్టి పూజిస్తారు. లడఖ్‌లోని స్పితుక్ మఠంలో ఆ మూర్తుల ముఖాలను గుడ్డతో కప్పి ఉంచి, చలికాలంలో వచ్చే వార్షికోత్సవంలోనే తెరుస్తారు. అంటే ఏమి? ఉగ్రరూపాన్ని ఎప్పుడంటే అప్పుడు చూడరాదు. చూచుటకు ఒక రోజు, ఒక వేళ, ఒక పద్ధతి ఉన్నవి. మ్యూజియంలో మాత్రం వారం పొడవునా, ఉదయం నుండి సాయంకాలం వరకు, దీపాల కాంతిలో ఆ ముఖం తెరిచే ఉంటుంది. ప్రక్కన చీటీ మీద "ఇది కరుణకు గుర్తు" అని ఉంటుంది. చదివినవాడు తల ఊపి ముందుకు సాగుతాడు. భయం పోయింది, దానితోపాటు భక్తి కూడా పోయింది. ఆ చీటీ అబద్ధం చెప్పలేదు. కాని అది ధ్యానం చేసే సాధకుని జవాబు. గుడ్డ కప్పిన చేతుల జవాబు ఆ చీటీలో లేదు.

ఈ లోటును కొన్ని సంస్థలు గుర్తించాయి. నూవార్క్ మ్యూజియంలోని టిబెట్టు పూజాపీఠానికి 1990లో దలైలామా స్వయంగా ప్రతిష్ఠ చేశారు. రూబిన్ మ్యూజియం తన పూజామందిరపు గదిని ఇంటి పూజగదివలె అమర్చి, దీపాలు, ధూపపు వాసన, మంత్రాల ధ్వని కూడా ఏర్పాటు చేసింది. 2024లో ఆ మ్యూజియం భవనం మూతపడగా, 2025లో ఆ గదిని బ్రూక్లిన్ మ్యూజియంలో నెలకొల్పారు. ఇవి మంచి ప్రయత్నాలు. దేవతను ఒంటరి బొమ్మగా కాక, తన ఇంటిలో ఉన్న దేవతగా చూపుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. బౌద్ధుల జవాబును తెచ్చి అమ్మోరుకు అంటించుట సరికాదు. "అమ్మోరు కోపం కూడా మన అహంకారం మీదనే" అని ఉపన్యాసాలలో చెప్పుట సులభం. మన ముత్తవ్వలకు అమ్మోరు గుర్తు కాదు, భావన కాదు. బిడ్డ ఒంటి మీద పొక్కులుగా పోసిన తల్లి ఆమె. వేపాకు, పసుపు నీళ్ళు, చలివిడి, చద్దన్నం, ఇవన్నీ ఆమెను చల్లబరచుటకు. ఆమె కోపం నిజం, ఆమె దయ నిజం, రెండూ ఒకే చేతిలో ఉన్నవి. భారతదేశంలో 1975 తరువాత మశూచి లేదు. 1980లో ప్రపంచమంతటా నిర్మూలమైనదని ప్రకటించారు. రోగం పోయినా మారిషస్‌లో అమ్మోరు పండుగ సాగుతున్నదంటే, ఆ తల్లి రోగం కంటె పెద్దదన్నమాట.

పద్ధతి మరచినచో ఏమి జరుగునో మన పూర్వీకుల జిల్లాలే సాక్ష్యం చెబుతాయి. శ్రీకాకుళం వద్ద శాలిహుండంలో తార, మారీచి మూర్తులు దొరికినవి కనుక, తాంత్రిక బౌద్ధం తెలుగువారికి పరాయిది కాదు. అనకాపల్లి వద్ద బొజ్జన్నకొండలో శతాబ్దాలపాటు బౌద్ధులు వర్ధిల్లారు. వారు వెళ్ళిపోయిన తరువాత అక్కడి బొజ్జ గల విగ్రహం ఎవరిదో జనం మరిచారు. రాక్షసుడని తలచి కనుమ పండుగనాడు దానిపై రాళ్ళు రువ్వుట ఆచారమైనది. కళా వారసత్వ సంస్థ ఇన్‌టాక్ కలుగజేసుకొనిన తరువాతనే అది ఆగింది. ఆ రాళ్ళు విసిరినవారు చెడ్డవారు కారు. వారికి చెప్పేవారు లేకపోయారు, అంతే.

పాఠకులారా, మన పిల్లలను ఈ మ్యూజియంలకు తప్పక తీసుకొనిపోండి. చీటీలో ఉన్నది చదివించండి, అది నిజమే. తరువాత చీటీలో లేనిది మీరు చెప్పండి. ఈ ముఖాన్ని వారి దేశంలో గుడ్డతో కప్పుతారని, మన కొండమీద చందనంతో కప్పుతారని చెప్పండి. ఇంటికి వచ్చాక, అమ్మోరు పూజ జరిపించిన పెద్దలు ఎవరైనా ఇంకా ఉన్నచో వారి ప్రక్కన కూర్చొని, ఏ రోజు, ఏ నైవేద్యం, ఏ వరుస, ఏ మాటలు అని అడిగి వ్రాసుకోండి. తెలుగు అక్షరాలు రానివారు వచ్చిన లిపిలోనే వ్రాసుకోండి. విగ్రహాన్ని కాపాడుటకు అద్దాల పెట్టె చాలు, పద్ధతిని కాపాడుటకు మాత్రం మనుషులు కావలెను.